పతకం అంచు మీది పేరు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ళ పండుగనాడు ప్రధానోపాధ్యాయిని మాట్లాడవలసినది పాఠశాలను గురించే. ఉత్తీర్ణుల సంఖ్య, కట్టిన గదులు, ఇంకా కట్టవలసిన గదులు, ఇవన్నీ వార్షిక నివేదికలో ఉన్నవి. వాటిని మరల చదివి మిమ్మల్ని శ్రమపెట్టను. మీలో చాలామందికి నేను ఒక తప్పు పాఠం చెప్పాను. దానిని దిద్దుకోవడానికి ఇంతకంటె తగిన సభ నాకు దొరకదు.

2014 మొదలు కొన్నేళ్ళపాటు ప్రతి ఆగస్టు 15న జెండా వందనం తరువాత నేను చెప్పిన కథ మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మా నాయనమ్మ తమ్ముడు, నాకు తాత వరుస, రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మాలో శత్రువుతో పోరాడి నేలకొరిగాడనీ, రంగూన్ సమీపాన ఉన్న తౌక్యాన్ శ్మశానంలో సమాధి ఎరుగని సుమారు 27,000 మంది సైనికుల పేర్ల నడుమ ఆయన పేరు చెక్కి ఉన్నదనీ చెప్పేదానిని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆయన ఛాయాచిత్రానికి ఇక్కడే, ఈ ఆవరణలోనే, దండ వేశాము. ఆ కథ మా తాతది కాదు.

మా ఇంట ఆయన గుర్తుగా మిగిలినవి మూడే: ఒక ఫోటో, ఒక పతకం, నాయనమ్మ మాట. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేసిన తరువాత మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళకు పరుగులు తీశారు. మన మాధవరం అప్పుడు చెంగల్పట్టు జిల్లాలో ఒక పల్లె. చోళవరంలో విమానాలు దిగే మైదానం ఏర్పడింది. రెడ్‌హిల్స్ చెరువు మీద కాటలీనా అనే నీటి విమానాలు వాలేవి. ఆ మైదానం పనిలో తట్ట మోసిన కుర్రవాడు ఒకనాడు చెప్పాపెట్టకుండా పట్టాళంలో చేరిపోయాడు. కొన్ని మనియార్డర్లు వచ్చాయి. 1944లో ఇంగ్లీషులో ఒక తంతి వచ్చింది. చదివినవారు 'పోయాడు' అన్న ఒక్క మాట చెప్పి కాగితం చేతికిచ్చారు. ఎక్కడ, ఎలా అని అడిగే తెలివి ఆనాడు ఇంట ఎవరికీ లేకపోయింది. కాగితం వానకు నానిపోయింది. మా నాయనమ్మ బతికి ఉన్నంతకాలం మహాలయ అమావాస్యకు ఒక విస్తరి ఎక్కువ వేసేది.

పతకం ఆమె తమలపాకుల పెట్టెలో ఉండేది. ఒకవైపు ఆరవ జార్జి తల, మరొకవైపు రెండు తలల సర్పం వంటి మృగాన్ని తొక్కి నిలబడిన సింహం. నాయనమ్మ దానిని నరసింహస్వామి అనుకునేది. శుక్రవారం శుక్రవారం పసుపు పూసి కుంకుమ పెట్టేది. యాభై ఏళ్ళ పసుపు దాని అంచున గట్టిపడి పోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

2014లో మొదటి ప్రపంచ యుద్ధానికి నూరేళ్ళు నిండినప్పుడు పత్రికలలో వ్యాసాలు చదివి నాకు వెదకాలని బుద్ధి పుట్టింది. రెండు యుద్ధాలలో మరణించిన పదిహేడు లక్షల మంది పేర్లను కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం భద్రపరచింది. 1917లో ఏర్పడిన సంస్థ అది. నందంబాక్కంలో 1952లో నెలకొల్పిన మద్రాసు యుద్ధ శ్మశానాన్ని అంత శుభ్రంగా ఉంచుతున్నది కూడా వారే. వారి జాబితా ఇంటర్నెట్టులో అందరికీ ఉచితం. మా తాత పేరు టైపు చేశాను. దొరికింది! తండ్రి పేరు సరిపోయింది. ఊరు మాధవరం. మద్రాసు రెజిమెంటు. బర్మా. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

ఊరి పేరు పక్కన 'వెస్ట్ గోదావరి' అని ఉన్నది. చూడలేదా అని అడుగుతారేమో. చూశాను. ఎవరో గుమాస్తా జిల్లా తప్పు రాసి ఉంటాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరణించిన సంవత్సరం 1945 అని ఉంటే, నాయనమ్మకు ఏడాది గుర్తులేక 1944 అన్నదని కొట్టివేశాను. నాకు ఒక వీరుడు కావలసి వచ్చాడు, దొరికినవాడిని పట్టుకున్నాను. లెక్కల పరీక్షలో జవాబు ముందు రాసి మెట్లు తరువాత అతికించిన విద్యార్థికి నేను ఎర్రసిరాతో ఏమి వేస్తానో మీకు తెలుసు.

తప్పు పట్టినవాడు మన పూర్వ విద్యార్థే. సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఆయన ఒక ఆగస్టు 15న ఫోటో ముందు నిలబడి, "అమ్మా, బర్మాలో పోరాడినవాడికి బర్మా స్టార్ అని వేరే పతకం వస్తుంది. ఇక్కడ అందరికీ ఇచ్చే యుద్ధ పతకం ఒక్కటే ఉన్నదేమి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మరొక మాట కూడా చెప్పాడు. ఆ యుద్ధంలో బ్రిటిషు సైనికులకు ఇచ్చిన పతకాల మీద పేర్లు ఉండవట. మన సైనికులకు ఇచ్చినవాటి అంచున మాత్రం నంబరు, హోదా, పేరు, దళం అచ్చు వేసి ఇచ్చారట. "అంచు చూశారా?" అన్నాడు.

ఆ సాయంకాలం చింతపండు నానబెట్టి మెల్లగా తోమాను. పసుపు పెచ్చులుగా ఊడింది. మొదట అంకెలు, తరువాత పేరు, చివర పొట్టి అక్షరాలలో దళం పేరు బయటపడ్డాయి. అది మద్రాసు రెజిమెంటు కాదు. ఇండియన్ పయొనీర్ కోర్. తుపాకి కంటె పార, గునపం ఎక్కువ పట్టిన దళం. అడవిలో బాటలు వేయడం, విమాన మైదానాలు చదును చేయడం, ఓడల నుండి, రైళ్ళ నుండి సరుకు దించడం వారి పని. చోళవరంలో తట్ట మోసినవాడు అస్సాంలోనూ తట్టే మోశాడు.

ఇంట్లో ఇటువంటి ఫోటో ఉన్నవారు ఈ సభలో ఉంటారు గనుక ఒక మాట. పేరుతో వెదికితే నావలె మోసపోతారు. పట్టాళం కాగితాలలో మన ఇంటిపేరు సాధారణంగా కనబడదు. వెంకటస్వామి ఒకచోట వెంకటసామి, మరొకచోట వెంకటాసామి అవుతాడు. నంబరు మాత్రం మారదు. పతకం అంచున, డిశ్చార్జి పత్రంలో, పింఛను పుస్తకంలో దానికోసం చూడండి. నాటి అధికారుల కాగితాలు లండనులోని బ్రిటిషు లైబ్రరీలో చాలా ఉన్నవి. మామూలు సిపాయిల కాగితాలు మన దేశంలోనే, ఏ దళానికి ఆ దళపు రికార్డు కార్యాలయంలో ఉంటాయి. మద్రాసు రెజిమెంటుకు నీలగిరిలోని వెల్లింగ్టన్, శాపర్లకూ పయొనీర్లకూ బెంగుళూరు. నంబరు, తండ్రి పేరు, ఊరు, మీకు ఆయనతో బంధుత్వం స్పష్టంగా రాసి పంపి, ఓపిక పట్టాలి.

నేనూ రాశాను. నెలలు గడిచాక ఒక పుట జవాబు వచ్చింది. పేరు, తండ్రి పేరు, మాధవరం, చెంగల్పట్టు జిల్లా. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. ఆ మచ్చ సంగతి నాయనమ్మ చెప్పేది. తానే చిన్నప్పుడు ఉయ్యాలలోనుండి పడవేసిందట. చేరిననాటి వయసు పందొమ్మిది అని ఉన్నది. నాయనమ్మ లెక్కకు పదహారే. అడ్మిషన్ రిజిస్టరులో సగం తరగతికి జూన్ 1 పుట్టినరోజు రాసిన వృత్తి మనది గనుక ఆ మూడేళ్ళను నేను తప్పుపట్టలేను. డిమాపూర్ దగ్గర పని. 1944లో మలేరియా. రాంచీలోని సైనిక ఆసుపత్రిలో మరణం.

నిజం చెబుతున్నాను, చదవగానే నాకు కలిగినది నిరుత్సాహం. జ్వరమా, ఇంతేనా, అనిపించింది. పిల్లలకు ఏమని చెప్పాలి? తరువాత ఆ యుద్ధపు చరిత్ర చదివాను. పదునాలుగవ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ తన గ్రంథంలో ఒక లెక్క ఇచ్చాడు. 1943లో ఆ రంగం నుండి గాయపడి తరలించినవాడు ఒక్కడైతే రోగంతో తరలించినవారు 120 మంది. ఆ 120 మందిలో ఒకడికి పద్దెనిమిదేళ్ళు, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. 1939లో రెండు లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి ఇరవై అయిదు లక్షలయింది. మరణించినవారు సుమారు 87,000. వారిలో తుపాకి పేల్చకుండా పోయినవారిని పక్కన పెట్టే అధికారం నాకు ఎవరిచ్చారు?

నంబరుతో వెదికితే సంఘం జాబితాలోనూ ఆయన దొరికాడు. పోరాట రంగాలకు వెలుపల మరణించి, సమాధులు నిలుపలేకపోయిన 25,000 మందికి పైగా సైనికుల స్మారకం రెండుచోట్ల ఉన్నది, ఒకటి ఢిల్లీలో, ఒకటి కరాచీలో. ఎల్లలు గీయకముందు పోయినవాడు గనుక మా తాత పేరు రెండు దేశాలలోనూ ఉన్నది. ఆ మాత్రమైనా దక్కడం చిన్న సంగతి కాదు. మొదటి యుద్ధంలో మెసపొటేమియాలో పోయిన మన సిపాయిలకు బస్రా స్మారకం మీద పేర్లు చెక్కలేదు, రెజిమెంటుకు ఇంతమంది అని అంకె వేశారు. ఇటువంటి వివక్షను ఆ సంఘమే 2021లో నివేదిక వెలువరించి ఒప్పుకొన్నది.

మరి నేను ఇన్నేళ్ళు దండ వేసింది ఎవరికి? తాడేపల్లిగూడెం దగ్గర ఇంకొక మాధవరం ఉన్నది. జనం దానిని మిలిటరీ మాధవరం అంటారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండవదానికి వెయ్యిమందికి పైగా వెళ్ళారని ఆ ఊరివారి లెక్క. ఊళ్ళో అమరవీరుల స్మారకం కూడా ఉన్నది. ఆ పేరుగలవాడు అక్కడివాడు. కిందటి వేసవి సెలవులలో ఆ పుట నకలు తీసుకుని వెళ్ళాను. ఇల్లు చూపడానికి ఊరి పెద్దలకు పావుగంట పట్టలేదు. గడప దాటుతూనే తప్పు ఒప్పుకుందామని నాలుగు వాక్యాలు కూర్చుకుని వెళ్ళాను గాని, ఆ ఇంటి ముసలామె నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, అంతా విని, "మా మావయ్యకి మీ బడి పిల్లలు కూడా దణ్ణం పెట్టారన్నమాట. ఎన్నేళ్ళు?" అని అడిగింది.

ఏడేళ్ళు, అన్నాను.

మన ముందు గదిలో ఇప్పుడు రెండు పటాలు ఉన్నవి. రెండవది ఆమె ఇచ్చి పంపినది. మా తాత పటం కింద పాత రాత తీసివేసి, ఇండియన్ పయొనీర్ కోర్, మాధవరం, చెంగల్పట్టు జిల్లా, మలేరియా, రాంచీ, 1944 అని రాయించాను. ఈ మార్పు చేసిననాడు ప్రార్థన సమావేశంలో ఆరవ తరగతి పిల్లవాడొకడు లేచి, "టీచర్, అయితే ఆయన వేసిన రోడ్డు ఇంకా ఉందా?" అని అడిగాడు. డిమాపూర్ నుండి కోహిమా మీదుగా ఇంఫాల్ వెళ్ళే బాట పటంలో వేలు పెట్టి చూపించాను. ఆ బాట ఇప్పటికీ ఉన్నది. సభ ముగిశాక ముందు గదికి వచ్చి, రెండు పటాలూ చూసి వెళ్ళవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.