మడమ మీది నెత్తురు చుక్క

నేను అచ్యుతాపురమున చిరకాలము పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యుడను కాను. నేను చేసిన పొరపాటు మఱియొకరు చేయకుండుటకై ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

నా తరగతిలో ఒక బాలుడుండెను. ఈడునకు దగిన యెత్తు లేదు, పలుకు మందము, పద్యమొకటి పది దినములకైనను రాదు. సోమరి యని యెంచి బెత్తముతో గొట్టితిని. కొన్నాళ్లకు ఒక వైద్యుడు వాని నోరు తెఱిపించి, నాలుక మొదట ఎఱ్ఱని బుడిపెను చూచెను. పరీక్షలు చేయింపగా అది కోసివేయదగిన కంతి కాదనియు, వానికి గల యేకైక అవటు గ్రంథి యనియు తేలెను.

థైరాయిడు అని మనము వ్యవహరించు ఈ గ్రంథి, గర్భమందు నాలుగవ వారమున నాలుక మొదట పుట్టి, ఏడవ వారమునాటికి మెడకు దిగును. కొందఱిలో దిగదు, కొందఱిలో నడుమ నిలుచును, కొందఱిలో పుట్టనే పుట్టదు. దాని రసము చాలనిచో ఎముక పెరుగదు, బుద్ధి వికసింపదు. శైశవమున మెదడునకు గలిగిన కొఱత పిమ్మట పూర్తిగా తీరదు.

ఇది దూరదేశపు మాట కాదు. హైదరాబాదునందలి 4 ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలలో 18,300 మంది శిశువులను పరీక్షింపగా, సుమారు 1,700 మందికి ఒకరి చొప్పున ఈ రసలోపము కనబడినట్లు 2004లో ప్రకటింపబడెను.

ఇట్టి శిశువు పుట్టినప్పుడు చక్కగానే యుండవచ్చును. తరువాత పచ్చకామెర్లు త్వరగా వీడవు. మలబద్ధము, బొంగురు ఏడుపు, పెద్ద నాలుక, ఉబ్బిన బొడ్డు కానవచ్చును. పాలకు లేవక నిద్రించుచుండును. మనమో, "బంగారు తండ్రి, ఏడ్వనే ఏడ్వడు" అని మురిసిపోవుదుము!

కావున లక్షణములకై వేచియుండరాదు. మూడవ దినమున మడమనుండి కొలది నెత్తురు చుక్కలు తీసి పరీక్షించిన చాలును. కెనడాదేశపు క్వెబెక్కులో 1974లో ఈ పరీక్ష శిశువులందఱకు ఆరంభమైనది. లోపము తేలినచో రెండు వారములలోపల థైరాక్సిను మాత్ర మొదలిడవలెను. దానిని నలిపి తల్లిపాలలో కలిపి దినమునకొకమారు పట్టుదురు. గ్రంథి లేనివారికి ఇది జీవితాంతము కావలెను. అయొడిను ఉప్పు మంచిదే. కాని లేని గ్రంథిని అది తేజాలదు.

పురిటి స్నానమునకు మంచి దినము చూచు పెద్దలారా! బిడ్డకు మడమ పరీక్ష యైనదా యని కూడ ఒక్క మాట అడుగుడు.

నా శిష్యుడు మందు మ్రింగి కొంత యెదిగెను. నేడు చిన్న అంగడి నడుపుకొనుచున్నాడు. నన్ను చూచినంతనే లేచి చేతులు జోడించును. నేను బెత్తముతో గొట్టిన చేతులవి.