జీతం లేని శాస్త్రవేత్త
(స్త్రీల శ్రమపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల శ్రమ గురించి మాట్లాడుకునే ఈ సమావేశంలో నేను ఒక శాస్త్రవేత్త గురించి చెప్తానంటే మీలో కొందరికి ఆశ్చర్యం కలగొచ్చు. కారణం ఉంది. ప్రయోగశాలల్లో పనిచేసే స్త్రీల గురించి అధ్యయనం చేస్తూ ఆమధ్య ఒక రసాయనశాస్త్ర విభాగానికి వెళ్లాను. కొత్తగా తయారుచేసిన పదార్థాలు లేజర్ కాంతికి ఎలా స్పందిస్తాయో ఒక పరిశోధక విద్యార్థిని కొలుస్తోంది. ఆమె నోటుబుక్కులో ప్రతి అంకె పక్కనా 'జీఎం' అని ఉంది. "అది ఎవరి పేరమ్మా?" అని అడిగాను. "యూనిట్ మేడమ్. ఎవరో సైంటిస్టు, ఆయన పేరే పెట్టుంటారు" అంది.

ఆయన కాదు, ఆవిడ. పేరు మరియా గెప్పర్ట్ మేయర్. 1906లో పుట్టింది.

పదార్థంలోని అణువు ఒక విడతకి ఒక్క కాంతికణాన్నే తీసుకుంటుందనుకునే రోజుల్లో, రెండింటిని ఒకేసారి తీసుకోగలదని ఆమె 1930 నాటి తన డాక్టరేట్ పరిశోధనలో లెక్కకట్టి చూపించింది. ఒక్కరు ఎత్తలేని గంగాళాన్ని ఇద్దరు చెరోవైపు పట్టి ఒకేసారి లేపినట్టన్నమాట. ఇక్కడ కాంతి రెట్టింపైతే ఫలితం నాలుగింతలవుతుంది. నాన్‌లీనియర్ ఆప్టిక్స్ అనేది ఇలాంటి విషయాల శాస్త్రమే. ఆ లెక్కను పరీక్షించేంత తీవ్రమైన కాంతి 1960లో లేజర్ వచ్చేదాకా దొరకలేదు. 1961లో కైజర్, గారెట్ అనే ఇద్దరు యూరోపియం కలిసిన కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికం మీదికి ఎర్రని లేజర్ కాంతిని పంపితే నీలికాంతి వచ్చింది. 30 ఏళ్లనాటి లెక్క రుజువైంది.

మరి ఆ 30 ఏళ్లూ ఆమె ఏం చేసింది? పనిచేస్తూనే ఉంది. చాలాకాలం జీతమే లేదు.

అమెరికన్ రసాయనశాస్త్రజ్ఞుడు జోసెఫ్ మేయర్‌ను పెళ్లాడి 1930లో బాల్టిమోర్ వెళ్లింది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో భర్తకు ఉద్యోగం ఉంది కాబట్టి, బంధువుల నియామకాలను అడ్డుకునే నియమం పేరిట ఆమెకు ఉద్యోగం ఇవ్వలేదు. జర్మన్ ఉత్తరాల పనిలో సాయపడినందుకు ఏదో కొద్దిపాటి డబ్బిచ్చారు. 1939లో కొలంబియాకి మారారు. అక్కడా రసాయనశాస్త్ర విభాగంలో కూర్చోడానికి చోటిచ్చారు గానీ జీతమివ్వలేదు. యురేనియం దాటిన మూలకాలు రేర్ ఎర్త్ మూలకాల వంటి మరో శ్రేణిగా ఉంటాయని 1941లో ఆమె చూపించింది. అకర్బన రసాయనశాస్త్రానికి అది ఎంతో ముఖ్యమైన సూచన. 1942లో అణుబాంబు ప్రాజెక్టుకి మనుషులు కావాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆమెకి జీతమిచ్చే పని దొరికింది. యుద్ధానికి అవసరమైతే నియమాలు ఎంత సులువుగా సడలుతాయో చూడండి!

1946లో షికాగో విశ్వవిద్యాలయం ఆమెని 'వాలంటరీ' అసోసియేట్ ప్రొఫెసర్‌గా తీసుకుంది. అంటే హోదా ఉంటుంది, జీతం ఉండదు. సగంరోజు పనికి ఆర్గాన్ లేబొరేటరీ జీతమిచ్చింది. పరమాణు కేంద్రకం నిర్మాణం గురించి నోబెల్ తెచ్చిపెట్టిన సిద్ధాంతం ఆ రోజుల్లోదే. పూర్తి జీతంతో ప్రొఫెసర్ పదవి శాన్ డియాగోలో 1960లో దొరికింది. అప్పటికి ఆమెకి 50 దాటాయి. 1963లో నోబెల్ వస్తే అక్కడి పత్రిక 'శాన్ డియాగో తల్లికి నోబెల్' అన్న అర్థంలో శీర్షిక పెట్టింది.

ఈ కథని "పట్టుదల ఉంటే స్త్రీ ఏదైనా సాధిస్తుంది" అని చెప్పుకోవడం నాకిష్టం లేదు. మరియా ప్రొఫెసర్ల కుటుంబంలో పుట్టింది. భర్త జీతంతో ఇల్లు గడిచింది. అందుకే అన్నేళ్లు విశ్వవిద్యాలయాల్లో జీతం లేకుండా పనిచేయగలిగింది. ఆ ఆసరా లేని స్త్రీలు ఎంతమంది మధ్యలోనే మానేశారో ఎవరూ లెక్క రాయలేదు. నియమం పైకి ఆడా మగా అందరికీ ఒక్కటే. కానీ ఇద్దరిలో ఎవరు తప్పుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు తప్పుకున్నది దాదాపు ఎప్పుడూ భార్యే.

'వాలంటరీ' అన్న మాట మనకి కొత్త కాదు. మన అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకిచ్చేది జీతం కాదట, 'గౌరవ వేతనం' అట. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది. ఆ పథకం మొదలైంది 1975లో! నోబెల్ శాస్త్రవేత్త బతుకూ ఆయా బతుకూ ఒకటేనని నేననను. కానీ ఇద్దరి శ్రమనీ ఉచితం చేసిన నమ్మకం ఒకటే: ఆడమనిషిని పోషించేవాడు ఇంకొకడు ఉంటాడని.

చివరిగా ఒక్క మాట. ప్రభుత్వాన్నీ విశ్వవిద్యాలయాలనీ ప్రశ్నించడంతో మన పని అయిపోదు. రేపు మీ సంస్థలకి తిరిగి వెళ్లాక రిజిస్టరు తెరవండి. 'వాలంటీర్' అన్న మాట కింద ఎవరెవరి సంతకాలున్నాయో చూడండి. అందులో ఆడవాళ్లెందరో లెక్కపెట్టండి. వచ్చే సమావేశంలో ఆ లెక్కతో మొదలుపెడదాం.