పసుపుకాళ్ల పక్షులు, వాని చుట్టములు

నలువది యేండ్లు బడిలో వ్యాకరణము చెప్పినవాడను. పేరు వినగానే దాని వ్యుత్పత్తిని వెదకుట నాకు అలవాటు. వ్యుత్పత్తి సరిగనే యున్నను పేరు మనలను దారి తప్పించుటయు గలదు. అందుకొక యుదాహరణము మనవి చేసెదను.

ఉత్తర అమెరికాలో నీటియొడ్డున బురదలో నడచుచు పురుగులను ఏరుకొని తిను పక్షులు రెండు గలవు. రెంటికిని కాళ్లు పొడుగు, పసుపుపచ్చన. అందుచే ఆ దేశీయులు వానిని ‘ఎల్లోలెగ్స్’ అని పిలిచి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది యనిరి. పెద్దది ఇంచుమించు 33 సెంటీమీటర్ల నిడివి. ముక్కు కొంచెము పైకి వంగియుండును. చిన్నది 25 సెంటీమీటర్లు; ముక్కు తిన్నన. చిన్నదాని లాటిను పేరు ‘ఫ్లావిపెస్’, అనగా పీతపాదము.

కాళ్లవన్నె యొక్కటే గావున ఇవి తోబుట్టువులని ఎవరైనను తలంతురు. 2005లో ప్రకటింపబడిన పరిశోధనమున వీని డి.ఎన్.ఏ.ను పోల్చి చూడగా, పెద్దదానికి దగ్గరి చుట్టములు పచ్చకాళ్ల గ్రీన్‌షాంక్ మొదలగునవనియు, చిన్నదానికి బూడిదవన్నె కాళ్ల విల్లెట్ అనియు తేలినది. పసుపు వన్నెయే కాని వంశచిహ్నము కాదు.

ఈ గ్రీన్‌షాంక్ మనకు పరాయిది కాదు. ఉత్తర ఐరోపా, సైబీరియాలలో గ్రుడ్లు పెట్టి, చలికాలమున మన పులికాటు సరస్సునకును కోరింగ తీరమునకును వచ్చును. ఎఱ్ఱకాళ్ల రెడ్‌షాంక్, పసుపుఛాయ కాళ్ల వుడ్ శాండ్‌పైపర్ దాని జ్ఞాతులు, అవియు వచ్చును.

పేరుతో పనియేమందురా? చిన్న పసుపుకాళ్ల పక్షి కెనడా, అలాస్కాల అడవిచిత్తడులలో పిల్లలను పెంచి, దక్షిణ అమెరికావఱకు ఎగిరిపోవును. త్రోవలో చిత్తడులు తగ్గుచున్నవి. కొన్ని కరీబియను దీవులలో వేటగాండ్ర తుపాకులు కాచుకొనియుండును. 2020లో కెనడా నిపుణుల సంఘము దీనిని ముప్పులోనున్న జాతిగా నిర్ణయించినది. రెంటిని ఒక్క పేరున కలిపి లెక్కించినచో, ఒకదాని క్షయము రెండవదాని చాటున కనబడకపోవును.

మనమును తీరపు బురదకు ‘పనికిరాని నేల’ యని పేరు పెట్టితిమి. అదియు అట్టి పేరే. వేల మైళ్లు ఎగిరివచ్చిన యతిథికి ఆ బురదయే విస్తరి. పూడ్చుటకు ముందు, అందు భుజించువారెవరో విచారింపుడు.