కుట్టుమిషన్ తెచ్చుకుందామని వెళ్లింది

(స్త్రీల హక్కుల మీద జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిత్రకారిణుల గురించి మాట్లాడమన్నారు నన్ను. అమృతా షేర్‌గిల్ గురించో ఫ్రిదా కాలో గురించో చెప్తానని అనుకుని ఉంటారు. నేను ఉక్రెయిన్ చిత్రకారిణి అల్లా హోర్‌స్కా గురించి చెప్పాలనుకుంటున్నాను. మా చిన్నప్పుడు ఇంటికి 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది. నున్నటి కాగితం, రంగురంగుల బొమ్మలు. చదవడం అయ్యాక స్కూలు పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్లం. ఆ పేజీల్లో ఈమె పేరు చూసిన గుర్తు నాకు లేదు.

అల్లా 1929లో యాల్టాలో పుట్టింది. తండ్రి సినిమా స్టూడియోల్లో పెద్ద అధికారి. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో తల్లితోపాటు రెండు చలికాలాలు ఆకలితో గడిపింది. అన్న యుద్ధంలో చనిపోయాడు. తర్వాత కీవ్ వచ్చి, 1954లో అక్కడి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువు పూర్తి చేసింది. తోటి చిత్రకారుడు విక్టర్ జరెత్‌స్కీని పెళ్లి చేసుకుంది. ఒక కొడుకు. భార్యాభర్తలిద్దరూ దోన్‌బాస్ బొగ్గుగనులకి వెళ్లి కార్మికుల బొమ్మలు వేశారు. రచయితల సంఘం ఎలాగో అక్కడ కళాకారుల సంఘం అలాగ. అందులో సభ్యత్వం ఉంటే పనీ, స్టూడియో దొరుకుతాయి. అలాగే ఉండిపోతే ఆమెకి ఏ లోటూ ఉండేది కాదు.

ఆమె ఇంటి భాష రష్యన్. ముప్పై దాటాక, ఉక్రెయిన్‌లో ఉంటూ ఉక్రేనియన్ సరిగా రాదేమిటని తనకే సిగ్గేసింది. నదియా స్విత్లిచ్నా అనే స్నేహితురాలు డిక్టేషన్ చెప్తుంటే నోటుపుస్తకంలో బడిపిల్లలా రాసుకుని నేర్చుకుంది. ఇంగ్లీషు ముక్క కలవనిదే నాలుగు మాటలు మాట్లాడలేని మనలాంటి వాళ్లకి ఇది కొంచెం గుచ్చుకుంటుంది.

అప్పుడు కీవ్‌లో సృజనాత్మక యువజనుల క్లబ్బు ఒకటి ఉండేది. కవులు, నాటకాలవాళ్లు, చిత్రకారులు అందులో కలిసేవారు. 1962లో అల్లా, దర్శకుడు లెస్ తన్యుక్, కవి వసీల్ సిమోనెంకో కలిసి ఊరి బయట బిక్విన్యా అడవికి వెళ్లారు. స్టాలిన్ కాలంలో రహస్య పోలీసులు కాల్చి చంపినవాళ్లని గోతుల్లో పూడ్చిన చోటు అది. చూసి ఊరుకోలేదు, నగరపాలక సంస్థకి అర్జీ రాశారు. ఆమె మీద నిఘా మొదలైంది. మరుసటి ఏడాది సిమోనెంకో 28 ఏళ్లకే చనిపోయాడు.

1964లో మహాకవి షెవ్‌చెంకో 150వ జయంతి. కీవ్ విశ్వవిద్యాలయం ప్రవేశ మందిరంలో ఒక పెద్ద రంగుటద్దాల కిటికీ చేసే పని అల్లాకీ, లుద్మిలా సెమికినా, హాలినా సెవ్‌రుక్, హాలినా జుబ్‌చెంకో, ఒపనాస్ జలివాఖాలకీ ఇచ్చారు. అయిదుగురిలో నలుగురు ఆడవాళ్లే. కోపంగా ఉన్న కవి ఒక చేత్తో అవమానపడ్డ తల్లిని దగ్గరికి తీసుకుని, రెండో చేత్తో పుస్తకం పైకెత్తి ఉంటాడు. దేశాన్ని తల్లిగా చూపించడం, ఆ తల్లిని ఒక మగవాడు కాపాడటం - ఇక్కడ మనకి పేచీ ఉంటుంది. నాకూ ఉంది. అధికారులకి మాత్రం పేచీ ఇంకొకటి. ఆ తల్లి ఎవరో, ఆమెని అవమానించింది ఎవరో వాళ్లకి బాగానే అర్థమైంది. జనం చూడకముందే, ఆ మార్చిలోనే, కిటికీని పగలగొట్టించారు. పగలగొట్టాక కమిషన్ వేశారు! పాతకాలపు దేవుడి పటంలా కవిని వికృతం చేశారని కమిషన్ తేల్చింది. అల్లానీ సెమికినానీ సంఘం నుంచి బహిష్కరించారు.

తర్వాత మళ్లీ చేర్చుకున్నారు. 1965లో అరెస్టులు మొదలయ్యాయి. జలివాఖాకి అయిదేళ్ల శిక్ష పడింది. అల్లా అతనికి శిబిరానికి ఉత్తరాలు రాసేది. 1968లో రాజకీయ విచారణల మీద నిరసన లేఖలో సంతకం పెట్టింది. మళ్లీ బహిష్కరణ. సంతకం వెనక్కి తీసుకోలేదు.

ఇన్ని జరుగుతున్నా చేతిపని ఆపలేదు. స్నేహితుల ముఖాలు గీసింది, నాటకాలకి రంగాలంకరణ గీసింది. భర్తతో, మిత్రులతో కలిసి దోన్‌బాస్‌లో గోడలంత మొజాయిక్‌లు చేసింది. 1967లో మరియుపోల్ రెస్టారెంటులో చేసిన రెండింటిలో ఒకటి జీవవృక్షం, ఒకటి గాలిలో నిలిచే డేగ. 2022లో ఆ ఊరి మీద రష్యా జరిపిన దాడుల్లో అవి బాగా దెబ్బతిన్నాయి.

1970 నవంబరు 28న వసీల్‌కివ్‌లో మామగారింట్లో ఉన్న కుట్టుమిషన్ తెచ్చుకుందామని వెళ్లింది. తిరిగి రాలేదు. ఆ ఇంటి తలుపు తియ్యడానికి పోలీసులు ముందుకు రాలేదు. డిసెంబరు 2న నదియా, యెవ్‌హెన్ స్వెర్‌స్త్యుక్ వెళ్లి పట్టుబట్టి తెరిపిస్తే, నేలమాళిగలో ఆమె శవం ఉంది. తల పగిలి ఉంది. ఆమెకి 41 ఏళ్లు. మామగారు ఇవాన్ జరెత్‌స్కీ శవం అప్పటికే, 29న, ఫాస్తివ్ దగ్గర రైలు పట్టాల మీద దొరికింది. భర్తని కొన్నాళ్లు నిర్బంధించారు. చివరికి, కోడలంటే గిట్టక మామే చంపి తను రైలు కింద పడ్డాడని రాసి, కొద్ది వారాల్లో కేసు మూసేశారు.

స్నేహితులు అప్పుడూ నమ్మలేదు, ఇప్పటికీ చాలామంది నమ్మరు. కేజీబీయే చంపించిందని వాళ్ల అనుమానం. కోర్టులో ఏదీ రుజువు కాలేదు. నాకు తట్టింది వేరే సంగతి. మన దగ్గర ఇంట్లో జరిగిన హత్యని స్టవ్ పేలిందనో కడుపునొప్పి భరించలేక చచ్చిపోయిందనో రాస్తారు. 'కుటుంబ కలహం' అని రాస్తే ఇక ఎవరూ ప్రశ్న వెయ్యరని మనకి తెలుసు. వాళ్లకీ తెలుసు. ఎనిమిదేళ్లుగా వెంటాడుతున్న ఒక పౌరురాలు చనిపోతే, ఫైలులో ఆమె కోడలిగానే మిగిలింది. కిటికీ లేదు, సంతకం లేదు, బిక్విన్యా లేదు.

అంత్యక్రియలు వాయిదా వేయించి డిసెంబరు 7న జరగనిచ్చారు. పెట్టె మూత తియ్యలేదు. స్వెర్‌స్త్యుక్, కవి వసీల్ స్తుస్, ఇవాన్ హెల్ సమాధి దగ్గర మాట్లాడారు. ముగ్గురూ 1972లో అరెస్టయ్యారు. డిక్టేషన్ చెప్పిన నదియా కూడా ఆ ఏడాదే జైలుకి వెళ్లింది. స్తుస్ 1985లో శిబిరంలోనే చనిపోయాడు.

ఆ కిటికీ స్కెచ్చులూ ఫొటోలూ మిగిలాయి. ఒకదాని నకలు తెచ్చాను. వెనక వరస దాకా పంపించండి. మసగ్గా ఉంటుంది, వెలుతురుకి పెట్టి చూడండి.