వంశవృక్షాన్ని కంప్యూటరులో ఎక్కించబోయే ముందు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఉన్న కంప్యూటరులో వంశవృక్షం రాసుకోవడానికి ఏ ప్రోగ్రాము మంచిదో చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. ముప్ఫై మూడేళ్లు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో కూర్చుని మీ వంటివారి సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి. అయితే ఈ విషయంలో ఒక నష్టం పడ్డాను. ముందు అది మనవి చేస్తాను.

2006లో రిటైరయ్యాక కంప్యూటరు కొన్నాను. తెలిసినవారు ఒక ప్రోగ్రాము ఇచ్చారు. రంగురంగుల చెట్టు బొమ్మ వేసేది. అది చూసి మురిసిపోయాను. మాది కోనసీమ. మా వంశంలో ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పగలిగిన మనిషి ఒక్కరే మిగిలారు, మా మేనత్త. ఆవిడ పడక కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను పక్కన కాగితాల మీద రాసుకుని, రాత్రిపూట ఎక్కించేవాణ్ణి. "ఒరేయ్ అబ్బాయ్, ఆ పిల్లని మరిచిపోయావు, పురిటిలోనే పోయింది, అయినా పేరు పెట్టారు, రాసుకో" అనేది. రెండేళ్లలో 312 మంది అయ్యారు. ఎక్కించాను కదా అని ఆ కాగితాలు పాత పేపర్లతో పాటు అమ్మేశాను.

2011లో మేనత్త కాలం చేసింది. 2014లో కంప్యూటరు చెడిపోయింది. డిస్కులోంచి ఫైలు తీయించాను, కాని కొత్త కంప్యూటరులో ఆ పాత ప్రోగ్రాము తెరుచుకోలేదు. దాన్ని తయారు చేసినవారు అప్పటికే ఆ వ్యాపారం మానుకున్నారు. వేరే ప్రోగ్రాములేవీ ఆ ఫైలును చదవలేదు. ఒక కుర్రాడు తంటాలు పడి కొంత బయటికి తీశాడు గాని, నేను ఆనాటి తెలుగు ఫాంటులో కొట్టినవి కావడంతో, ఆ ఫాంటు కూడా దొరక్క, పేర్లన్నీ పిచ్చి గీతలై కనిపించాయి.

మిగిలిందల్లా మా అమ్మాయి పెళ్లినాడు గోడకు అంటించడానికి అచ్చు తీసిన పటం. అందులో 170 మంది ఉన్నారు. కాగితం చాలదని ఆనాడు మగ సంతానం వరుస మాత్రమే అచ్చు వేశాను. పోయిన 142 మందిలో దాదాపు అందరూ ఆడపడుచులూ, పసితనంలో పోయిన బిడ్డలూను. ఇదంతా చెప్పిన మా మేనత్త పేరే ఆ పటంలో లేదు.

కనుక మిత్రులారా, ప్రోగ్రాము ఎంచుకునేటప్పుడు బొమ్మ ఎంత అందంగా వేస్తుందని చూడకండి. రాసింది రేపు బయటికి తీసుకోగలమా, మన కుటుంబం అందులో పడుతుందా అన్న ఈ రెండే చూడండి.

మొదటిది, బయటికి తీయడం. దీనికి జెడ్‌కామ్ అనే ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. వంశావళుల సేకరణలో పేరుపడిన అమెరికాలోని లేటర్ డే సెయింట్స్ చర్చివారు 1984లో దీన్ని తయారు చేశారు. ఒక ప్రోగ్రాములో రాసిన వివరాలను ఈ పద్ధతిలో బయటికి తీస్తే మరొక ప్రోగ్రాము చదవగలదు. ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు బదిలీ అయినప్పుడు సర్వీసు రిజిస్టరు వెంట వెళ్లినట్టన్నమాట. 2021లో వచ్చిన దీని 7.0 రూపంలో యూనికోడ్ తప్పనిసరి చేశారు. యూనికోడ్‌లో కొట్టిన తెలుగు ఏ యంత్రంలోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. ఈరోజు మీ మనవలు ఫోనులో కొడుతున్న తెలుగు అదే.

ప్రోగ్రాములు శాశ్వతం కావు. ఆ చర్చివారే ఉచితంగా ఇచ్చిన పర్సనల్ యాన్సెస్ట్రల్ ఫైల్ 2013లో ఆగిపోయింది. ఎంతో పేరున్న ఫ్యామిలీ ట్రీ మేకర్‌ను ఆపేస్తామని 2015 డిసెంబరులో ప్రకటించారు, 2016లో వేరే సంస్థ దాన్ని తీసుకోబట్టి నిలబడింది. కనుక ప్రోగ్రాము మనకు అద్దె ఇల్లు వంటిది. సామాను మనది, సర్దుకుని వెళ్లే దారి ఉండాలి.

రెండవది, మన కుటుంబం పట్టడం. ఈ ప్రోగ్రాములు ఎక్కువగా పాశ్చాత్య దేశాలవారు తమ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన పద్ధతులు వేరు. మా అమ్మ మా నాన్నగారికి మేనమామ కూతురు. లెక్క ప్రకారం మా తల్లిదండ్రుల తాతలూ మామ్మలూ అమ్మమ్మలూ కలిపి ఎనిమిది మంది ఉండాలి. మేనరికం వల్ల మా ఇంట ఆరుగురే. ప్రోగ్రాము ఒకే మనిషిని రెండు వైపుల నుంచీ కలపనివ్వాలి. లేకపోతే ఒకే తాతగారిని ఇద్దరుగా రాయాల్సి వస్తుంది.

దత్తత వెళ్లినవారికి కన్నవారినీ పెంచినవారినీ ఇద్దరినీ చూపగలగాలి. ఆడపిల్లకు పుట్టింటి పేరు, అత్తింటి పేరు రెండూ ఉండాలి. తాతగారి పేరు మనవడికి పెట్టడం మన ఆచారం. మా వంశంలో సూర్యనారాయణలే ఐదుగురు. మనిషికొక నంబరు ఉంటే గాని గుర్తు పట్టలేం.

తేదీల సంగతి మరీ చిత్రం. మా ముత్తాతగారి జాతకంలో "రక్తాక్షి నామ సంవత్సరం" అని ఉంది. అది అరవై ఏళ్లకొకసారి వస్తుంది. 1864 ఉగాది నుంచి మరుసటి ఉగాది దాకా రక్తాక్షే, 1924లోనూ రక్తాక్షే. రెండోది వేస్తే తండ్రి కొడుకు కన్నా చిన్నవాడైపోతాడు! తిథి ఉన్నదున్నట్టు వివరాల గడిలో రాసి, తేదీ గడిలో "సుమారు 1864" అని వేయనిచ్చే ప్రోగ్రాము కావాలి.

నేను ఇప్పుడు వాడుతున్నది గ్రాంప్స్. 2001లో మొదలైన ఉచిత ప్రోగ్రాము, ఔత్సాహికులు కలిసి నడుపుతున్నది. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. దత్తత, మారుపేర్లు, "సుమారు" తేదీలు అన్నీ పడతాయి. వివరాలు మన కంప్యూటరులోనే ఉంటాయి. మొదట్లో కొంచెం తికమక పెడుతుంది, వారం రోజులు ఓపిక పట్టాలి. అంత ఓపిక లేనివారు రూట్స్‌మ్యాజిక్ వారి ఉచిత రూపం చూడవచ్చు. ఏదైనా సరే, ముందు పదిమందిని మాత్రమే ఎక్కించండి. లక్ష్మి, కృష్ణమూర్తి వంటి ఒత్తులున్న పేర్లు కొట్టి కాగితం మీద అచ్చు తీయండి. జెడ్‌కామ్‌లోకి తీసి మరో ప్రోగ్రాములో తెరవండి. పదిమందీ క్షేమంగా చేరితేనే పదకొండో మనిషిని ఎక్కించండి.

మరి రెండు హెచ్చరికలు. సర్వీసు రిజిస్టరులో ప్రతి ఎంట్రీకీ ఆధారం ఉండాలి కదా. ఇక్కడా ప్రతి వివరం పక్కన ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని రాయండి. ఇక బతికి ఉన్నవారి పుట్టిన తేదీలూ, తల్లుల పుట్టింటి పేర్లూ నలుగురికీ పంచకండి. బ్యాంకు మోసగాళ్లకు అవే తాళపు చెవులు. పంచేటప్పుడు బతికి ఉన్నవారి వివరాలు దాచిపెట్టే సౌకర్యం గ్రాంప్స్‌లో ఉంది.

ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజున నేను మూడు పనులు చేస్తాను. ఫైలు నకలు ఒకటి పెన్‌డ్రైవులో వేసి మా అబ్బాయికిస్తాను, ఒకటి మా అమ్మాయికి పంపిస్తాను, మొత్తం కాగితం మీద అచ్చు తీసి బీరువాలో పెడతాను. కాగితాన్ని నమ్మండి. నాకు మిగిలింది అదే.

పోయిన 142 మందిలో పెళ్లి శుభలేఖలూ, భూమి దస్తావేజులూ, బంధువుల జ్ఞాపకాలూ పట్టుకుని పదేళ్లలో 61 మందిని తిరిగి సంపాదించాను. మొట్టమొదట ఎక్కించిన పేరు మా మేనత్తది. మిగతా 81 మంది పేర్లు చెప్పగలవారు ఇక లేరు. పురిటిలో పోయిన ఆ పిల్ల పేరు ఇప్పటికీ నాకు గుర్తు రావడం లేదు.

మీ ఇళ్లల్లో ఇంకా అలా చెప్పగలిగిన పెద్దవారు ఉంటే, ప్రోగ్రాము సంగతి తర్వాత చూసుకోవచ్చు. వచ్చే ఆదివారం ఒక నోటు పుస్తకం పట్టుకుని వారి దగ్గర కూర్చోండి. ఆడపిల్లల పేర్లు ముందు అడగండి.