జెండా పండగ పాయసం

ఇవాళ ఫోన్ రివ్యూ లేదు. పాయసం గురించి మాట్లాడుకుందాం.

నేను జాబ్ చేసేటప్పుడు మా టీమ్‌లో లండన్ నుంచి ఒకాయన ఉండేవాడు. కాల్‌లో ఖాళీ దొరికితే చాలు, చిన్నప్పటి బడి భోజనం ముచ్చటే. జామ్ చుట్టిన కేకు, దాని మీద వేడి వేడి కస్టర్డ్. ఒకరోజు "మీ స్కూల్లో ఏం స్వీట్ పెట్టేవాళ్ళు?" అని అడిగాడు. పాయసం అని టక్కున చెప్పేశా.

తర్వాత డౌట్ వచ్చింది. మాది టేకులపల్లి మండలం. అప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. బడుల్లో వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో చెప్పింది. మన ఉమ్మడి రాష్ట్రంలో అది 2003 జనవరిలో మొదలైంది. ఆ ఏడే నేను ఒకటో తరగతిలో చేరా. ప్రైమరీ పిల్లాడికి రోజుకి 100 గ్రాముల బియ్యం, ఇంత పప్పు, కూరగాయలు, నూనె. ఈ లెక్కలో బెల్లం ఎక్కడుంది? మరి మేం తిన్న పాయసం ఎక్కడిది?

ఏడాదికి రెండుసార్లే లెండి, ఆగస్టు 15, జనవరి 26. అదే బడి బియ్యం మెత్తగా ఉడికించి బెల్లం, యాలకులు, ఎండుకొబ్బరి ముక్కలు వేసేవాళ్ళు. పాల ఊసే లేదు. కట్టెల పొయ్యి కదా, పొగ వాసన వచ్చేది. మేం కొట్టుకునేది అడుగంటిన ముద్ద కోసం. ఒలికిపోకుండా పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని చెట్టు కిందికి నడిచేవాళ్ళం చూడండి, నేను ప్రొడక్షన్‌లో కోడ్ పెట్టేటప్పుడు కూడా అంత జాగ్రత్తగా లేను.

నాలుగో తరగతిలో ఒకసారి పాయసం నల్లగా వచ్చింది. "ఒరేయ్, సారా వాసనరా!" అని ఒకడు అరిచాడు. ఇప్పపువ్వుతో సారా కాస్తారని మా దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇంక ఒకటే గోల. సారు వచ్చి వాసన చూసి గిన్నె మొత్తం పారబోయించారు. ఈ కథ చెప్పి హాస్టల్లో, ఆఫీసులో ఎంతమందిని నవ్వించానో.

పోయిన దసరాకి ఊరెళ్ళినప్పుడు ఆ వంట ఆయమ్మని కలిశా. బెల్లం సంగతి అడిగా. సార్లు తలా కొంత వేసేవాళ్ళంట, తక్కువైంది ఆమే సంతలో అప్పు తెచ్చేదంట. బిల్లులు నెలలకి నెలలు ఆగేవి. కేంద్రం వంటవాళ్ళకి నెలకి వెయ్యి రూపాయల గౌరవవేతనం ఖరారు చేసిందే 2009 చివర్లో, అదీ ఏడాదికి పది నెలలకే. అప్పటికి నేను ఏడో తరగతి.

ఆ ఏడు అప్పు పుట్టలేదంట. ఎండాకాలంలో అడవిలో ఏరి ఎండబెట్టుకున్న ఇప్పపువ్వు ఇంట్లో ఉంటే, ఉడకబెట్టి ఆ తియ్యటి నీళ్ళు పోసింది. పులియబెట్టి కాస్తేనే అది సారా, ఊరికే ఉడికిస్తే తిండే. ఇప్పుడు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు అదే పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు కూడా.

"అసలు ఎందుకు పోసినవ్ ఆయమ్మా, మానేస్తే అయిపోయేది గదా?" అన్నా.

"జెండా పండగనాడు పిల్లలకి ఉత్త చారన్నం పెట్టి పంపుతానా?"

"మరి పారబోస్తుంటే చెప్పొచ్చు గదా?"

"ఇనేటోళ్ళెవరు? అయినా ముందు అరిచింది నువ్వే గదరా" అంది, నవ్వుతూనే.

అవును. ఆ ఒకడు నేనే.

లోపలికెళ్ళి డబ్బాలోంచి గుప్పెడు ఎండు ఇప్పపువ్వు తెచ్చి చేతిలో పోసింది. ఎండుద్రాక్షలాగా ఉంది, కొంచెం ఘాటు వాసన. అక్కడే అరుగు మీద కూర్చుని మొత్తం తినేసి, ఇంకో గుప్పెడు అడిగి పెట్టించుకున్నా.