నాలుగు కెమెరాలు, ఒకే కచేరీ: ఫుటేజ్ భద్రంగా ఇంటికి ఎలా?

కచేరీకి రీటేక్ ఉండదు. పాట అయిపోయిందంటే అయిపోయినట్టే.

కెమెరాలకి ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టి, కార్డుల మీద కూడా అవే రాయండి. అన్నిట్లో 25 ఫ్రేమ్స్, ఒకే వైట్ బ్యాలెన్స్.

ఇక స్టోరేజ్ లెక్క. 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకి 45 జీబీ. నాలుగు కెమెరాలు, రెండు గంటలు: 360 జీబీ. రెండు కాపీలంటే 720.

అన్నీ రికార్డింగ్‌లో ఉన్నప్పుడు స్టేజ్ మీద ఒక క్లాప్ కొట్టండి. 34 మీటర్ల వెనకున్న కెమెరాకి ఆ శబ్దం 0.1 సెకను, అంటే రెండు ఫ్రేమ్‌లకి పైనే లేటు. కాబట్టి శబ్దం కాదు, చేతులు కలిసిన ఫ్రేమ్ చూసి సింక్ చేయండి. ఫైనల్ ఆడియో మిక్సర్ నుంచి విడిగా తీసుకోండి.

షో అయ్యాక రెండు డ్రైవ్‌ల్లోకి కాపీ చేసి, ఫైళ్లు ప్లే చేసి చూసేదాకా ఏ కార్డూ ఫార్మాట్ చేయొద్దు. ఎవరెంత తొందరపెట్టినా సరే! డౌట్లుంటే కామెంట్ పెట్టండి.